సెమిలిగూడ మంచులో తడిసిన లిట్టర్: ఒక లేయర్ షెడ్డు కేస్ స్టడీ

ఈ కేసు ఒడిశాలోని కొరాపుట్ జిల్లా, సెమిలిగూడ పరిసరాల్లోని ఒక చిన్న లేయర్ (గుడ్ల కోళ్ల) షెడ్డుది. యజమానులు సాలూరు వైపు నుంచి ఘాట్ ఎక్కి వచ్చి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబం. అల్లం, క్యాబేజీ, చోళ్లు (రాగులు) పండిస్తారు. పొలానికి తోడుగా సుమారు 300 గ్రామప్రియ పెట్టల్ని పెంచుతూ, గుడ్లు సునాబెడా, దమన్‌జోడి కాలనీలకు పంపుతారు. గ్రామప్రియ హైదరాబాద్‌లోని పౌల్ట్రీ పరిశోధన డైరెక్టరేట్ తయారుచేసిన రకం. పెరటి పెంపకం కోసం తెచ్చిందే అయినా షెడ్డులో ఊక మీద కూడా బాగానే నిలదొక్కుకుంటుంది.

నేను ఆ ప్రాంతంలో పశువైద్యం చేస్తున్నాను. చలికాలం వచ్చిందంటే కోళ్ల రైతుల దగ్గర నుంచి నాకు వచ్చే ఫోన్లు చాలావరకు ఒకేలా ఉంటాయి. "చలికి కోళ్లు పాడైపోతున్నాయండీ, ఏదైనా మందు చెప్పండి" అంటారు. ఈ షెడ్డు గురించి పూర్తిగా రాయాలనిపించింది అందుకే. ఇక్కడ మందుతో తేలిన పని చాలా తక్కువ. రెట్టలు, కింద పరిచిన ఊక (దాన్నే లిట్టర్ అంటాం), షెడ్డులో గాలి, ఈ మూడింటినీ సరిచేసుకున్నాకే కోళ్లు తేరుకున్నాయి.

ఆ ఊరి వాతావరణం గురించి ముందు కొంచెం చెప్పాలి. కొరాపుట్ పీఠభూమిలో ఆ భాగం సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంటుంది. ఒడిశాలో అన్నిటికంటే ఎత్తైన దేవమాలి శిఖరం, 1672 మీటర్లు, అదే జిల్లాలో ఉంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఉష్ణోగ్రత పది డిగ్రీల కిందికి దిగుతుంది. ఆకాశం తేటగా ఉన్న కొన్ని తెల్లవారుజాముల్లో పొట్టంగి, సెమిలిగూడ వైపు గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుని కనిపిస్తుంది. అయితే పదింటికల్లా ఎండ కాస్తుంది, మధ్యాహ్నానికి స్వెటర్ తీసేయాల్సిందే. ఈ రెండో సంగతిని చాలామంది పట్టించుకోరు. ఈ కేసులో అసలు మెలిక అక్కడే ఉంది.

వాళ్లు చెప్పింది

డిసెంబరు మధ్య నుంచి గుడ్లు తగ్గాయి. కొన్ని పెట్టలు కళ్లు సగం మూసుకుని నిలబడుతున్నాయి, కంటి మూలల్లో నురగ కనిపిస్తోంది. రాత్రిపూట గురక. గుడ్లకు రెట్టలు అంటుకుంటుంటే కాలనీ దుకాణాల వాళ్లు తిప్పి పంపుతున్నారు. షెడ్డు చివర జాలీ కట్టి వేరుగా పెట్టిన ఎదిగే పిల్లల్లో రెట్టలో రక్తం కనిపించింది, కొన్ని చనిపోయాయి.

అప్పటికే ఇంటిల్లిపాదీ నానా తంటాలు పడి ఉన్నారు. చలిగాలి తగలకూడదని షెడ్డు నాలుగు వైపులా టార్పాలిన్లు నేల దాకా దించి, అడుగున ఇటుకలు పెట్టారు. రాత్రిళ్లు లోపల బొగ్గుల కుంపటి పెట్టారు. వాసన వస్తోందని వారానికోసారి ఊకంతా తోడి పారేసి, సిమెంటు నేల కడిగి, సున్నం చల్లి, కొత్త ఊక రెండంగుళాల మందాన పరుస్తున్నారు. ఎవరో చెప్పారని ఒక యాంటీబయాటిక్ నీళ్లలో కలిపి ఇచ్చారు. ఇంత కష్టపడుతున్నా రోజురోజుకీ పరిస్థితి చెయ్యి దాటుతుంటే ఎవరికైనా టెన్షన్‌గానే ఉంటుంది. ఆ ఇంటి కోడలు ఫోన్‌లో, "ఇంకేం చెయ్యాలో మాకు తెలియడం లేదు డాక్టరు బాబూ" అన్న మాటలో ఆ అలసట అంతా వినిపించింది.

మూడు వేళల్లో చూడాలి

చలికాలపు షెడ్డును మిట్టమధ్యాహ్నం ఒక్కసారి చూసి వస్తే ఏమీ తెలియదు. పరదాలు దించే వేళ, సూర్యోదయానికి ముందు, ఎండ బాగా ఎక్కాక, ఈ మూడు వేళల్లోనూ చూడాలన్నది నేను గట్టిగా నమ్మే పద్ధతి. ఈ షెడ్డులో తెల్లవారుజామున చూసిందే కేసును తేల్చింది.

టార్పాలిన్ కొంచెం తప్పించి లోపలికి వెళ్లగానే కళ్లు మండాయి. నిలబడి పీల్చితే చాలదు, కోడి తల ఉండే ఎత్తుకు చతికిలబడి కూర్చోవాలి. పీహెచ్ కాగితాన్ని డిస్టిల్డ్ వాటర్‌తో తడిపి ఆ ఎత్తులో పట్టుకుంటే చూస్తుండగానే రంగు నీలం వైపు తిరిగింది. గాలిలో అమ్మోనియా గట్టిగానే ఉందన్నమాట. కోళ్ల షెడ్లలో అమ్మోనియా 25 పీపీఎం, అంటే పదిలక్షల వంతుల గాలిలో 25 వంతులు, దాటకూడదంటారు. 50 దాటి అలాగే కొన్నాళ్లు ఉంటే కంటి పొర పుండుపడుతుంది, ఊపిరిగొట్టం లోపల దుమ్మునీ క్రిముల్నీ బయటికి నెట్టే సన్నటి నూగు దెబ్బతింటుంది. ఆ తర్వాత ఏ చిన్న క్రిమి వచ్చినా గురక, జలుబు మొదలవుతాయి. ఇంకో చిక్కేమిటంటే, రోజూ అదే షెడ్డులో పనిచేసేవాళ్ల ముక్కు ఆ వాసనకు అలవాటుపడిపోతుంది. ఇంట్లోవాళ్లు "ఇప్పుడు వాసన తగ్గిందండీ" అంటున్నారు. నా కళ్లలో నీళ్లు కారుతున్నాయి.

టార్చి పైకి వేస్తే రేకుల అడుగున వరసలు వరసలుగా నీటి బొట్లు. రేకులను మోసే అడ్డ పైపుల దగ్గర ఆ బొట్లు కలిసి, కిందికి రాలుతున్నాయి. కింద ఊకలో సరిగ్గా ఆ పైపుల నీడన పొడుగ్గా తడి చారలు. వాళ్లు అంతవరకూ ఆ తడి అంతా నీళ్ల గిన్నెల నుంచి ఒలికిందనే అనుకున్నారు. నిజానికి అన్నం గిన్నె మూతకు ఆవిరి పట్టినట్టే ఇది. తేటగా ఉన్న రాత్రి రేకు తన వేడినంతా ఆకాశంలోకి వదిలేసి, బయటి గాలి కంటే కూడా చల్లబడుతుంది. కోళ్ల ఊపిరి నుంచి, రెట్టల నుంచి లేచిన ఆవిరి బయటికి పోయే దారిలేక ఆ చల్లటి రేకుకు తగిలి నీరవుతుంది.

ఊకను గుప్పెట్లోకి తీసుకుని గట్టిగా నొక్కి వదిలితే ఉండ ఉండగానే నిలిచింది. సరైన లిట్టర్ అయితే కాస్త అతుక్కున్నట్టే ఉండి, వేలు తగలగానే విడిపోవాలి. అంటే తేమ 20 నుంచి 25 శాతం అన్నమాట. ఉండ చెదరకపోతే 30 దాటేసినట్టే. అసలు అతుక్కోకుండా దుమ్ములా జారిపోతే మరీ పొడి, అదీ మంచిది కాదు. పైసా ఖర్చులేని ఈ పరీక్షను కోళ్లు పెంచే ప్రతి ఇంట్లో నేర్చుకోవాలి. షెడ్డులో ఒక్కచోట కాదు, గోడ పక్కన, నీళ్ల దగ్గర, కోళ్లు పడుకునే చోట, మధ్యలో, అన్నిచోట్లా వేరువేరుగా చూడాలి.

జబ్బుల సంగతి కూడా వదిలేయలేదు. కోళ్లను గుంపులుగా చంపే వైరస్ జబ్బు రాణీఖేత్‌కు లసోటా, ఆర్‌టూబీ టీకాలు వేసిన లెక్క సరిగ్గానే ఉంది. ఆకుపచ్చ విరేచనాలు, మెడ మెలితిరగడం, ఒక్కసారిగా చాలా కోళ్లు పోవడం, ఇవేవీ లేవు. అలా ఉండి ఉంటే లిట్టర్ మాట పక్కనపెట్టి వెంటనే ప్రభుత్వ పశువైద్యశాలకు చెప్పాల్సి వచ్చేది. చనిపోయిన పెట్టను కోసి చూస్తే ఊపిరిగొట్టం లోపల ఎర్రగా కమిలి ఉంది. పిల్లల రెట్టను మైక్రోస్కోపు కింద పెడితే కాక్సిడియా గుడ్లు కనిపించాయి. కోడి పేగులో పెరిగి రెట్టలో రక్తం పడేలా చేసే పరాన్నజీవి అది. ఆ పిల్లలకు మాత్రం నీళ్లలో ఆంప్రోలియం అనే మందు ఇవ్వక తప్పలేదు. యాంటీబయాటిక్ ఆపించేశాను.

రోజుకు 60 లీటర్లు

అందరం కూర్చున్నాక వాళ్లకు ఒక లెక్క చెప్పాను. లేయర్ పెట్ట రోజుకు సుమారు 115 గ్రాముల మేత తింటుంది. దానికి రెట్టింపు అటూ ఇటూగా నీళ్లు తాగుతుంది. 300 పెట్టలకు మేత 35 కిలోలు అనుకుంటే నీళ్లు 70 లీటర్లు. గుడ్లలోకి పోయేది అందులో పదో వంతు దాకా ఉంటుంది. మిగిలిన 60 లీటర్లకు పైగా నీరు రెట్టగా, ఊపిరిగా మళ్లీ షెడ్డులోకే వస్తుంది. తాజా రెట్టలో ముప్పాతిక భాగం నీరే. అంటే ఒలికే నీళ్లు, రేకు నుంచి రాలే నీళ్లు కలపకుండానే, పెద్ద వాటర్ క్యాన్లు మూడు రోజూ ఆ షెడ్డులో గుమ్మరించినట్టు లెక్క. ఆ నీటికి బయటికి పోయే దారి ఒక్కటే ఉంది, గాలి. నాలుగు వైపులా టార్పాలిన్ కట్టి అది కూడా మూసేశారు.

ఇంటి పెద్దాయన అడిగిన ప్రశ్న చాలా సరైనది. "బయటంతా మంచు తడి కదండీ. పరదా తీస్తే ఆ తడి గాలే కదా లోపలికొచ్చేది?" చూడ్డానికి అలాగే అనిపిస్తుంది. కానీ చల్లటి గాలి నీటిని ఎక్కువగా మోయలేదు. 5 డిగ్రీల దగ్గర ఘనపు మీటరు గాలి నిండుకుండలా తేమ పట్టినా అందులో ఉండే ఆవిరి 7 గ్రాముల లోపే. అదే గాలి కోళ్ల ఒంటి వేడితో 15 డిగ్రీలకు చేరితే దాదాపు 13 గ్రాములు మోయగలదు, 20 డిగ్రీలకు చేరితే 17 దాకా. కోడి ఒళ్లు 41 డిగ్రీల వేడి. 300 కోళ్లు ఉన్న షెడ్డుకు ఆ వేడి చిన్నదేమీ కాదు. కాబట్టి బయటి చల్లగాలి లోపలికి వచ్చి, వెచ్చబడి, బయటికి వెళ్లేటప్పుడు తను తెచ్చిన దానికంటే ఎక్కువ నీటిని పట్టుకుపోతుంది. మంచు కురిసే ఉదయం కూడా పైనుంచి గాలి ఆడుతున్న షెడ్డు ఎండుతూనే ఉంటుంది.

ఒంటినిండా ఈకలున్న పెద్ద కోడికి 5 డిగ్రీలు ప్రాణం తీసే చలి కాదు. ఒళ్లు పొడిగా ఉండి, నేరుగా గాలి కొట్టకపోతే అది ఈకలు పొంగించుకుని, కొంచెం మేత ఎక్కువ తిని నెట్టుకొస్తుంది. తడిసిన ఊక మీద, మండే గాలిలో పడుకోవడం మాత్రం దాని వల్ల కాదు. కుంపటి సంగతి వేరే చెప్పక్కర్లేదు. మూసిన షెడ్డులో బొగ్గు కాల్చితే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది, కింద ఎండిన ఊక ఉంటే నిప్పు భయం. ఆ సాయంత్రమే తీయించేశాను.

చలి దేశాల పద్ధతి ఇక్కడ ఎంతవరకు పనికొస్తుంది

రాత్రింబగళ్లు సున్నా కంటే కిందే ఉండే చోట్ల కోళ్లు పెంచేవాళ్లు చలికాలమంతా రెట్టలు తీయకుండా పైన పొడి గడ్డి, రంపపు పొట్టు వేసుకుంటూ పోతారు. రెట్ట రాయిలా గడ్డకట్టేస్తుంది కాబట్టి వాసన పెద్దగా రాదు. వసంతంలో మంచు కరిగినప్పుడే అమ్మోనియా ఒక్కసారిగా లేస్తుంది, అప్పుడు షెడ్డంతా తోడుకుంటారు. వాళ్ల పద్ధతిలో మనం తీసుకోవాల్సినది లోతు. పది సెంటీమీటర్లతో మొదలుపెట్టి ఇరవై దాటేదాకా పెంచుకుంటూ పోయే మందపాటి లిట్టర్ మన దగ్గరా బాగా నిలుస్తుంది.

కానీ వాళ్లకు ఏడాదికోసారి వచ్చే కరుగు మన పీఠభూమిలో ప్రతిరోజూ వస్తుంది. రాత్రి చేరిన తడి పదకొండింటికల్లా ఎండకు వెచ్చబడుతుంది. రెట్టలోని యూరిక్ ఆమ్లాన్ని అమ్మోనియాగా మార్చే బ్యాక్టీరియాకు కావలసినవి తడి, వెచ్చదనం. ఆ రెండూ రోజూ మధ్యాహ్నం కలుస్తున్నాయి. కాక్సిడియా గుడ్లు పిల్లలకు జబ్బు చేయగల దశకు ఊకలో ఎదగడానికీ అవే కావాలి. కాబట్టి చలికాలమంతా కదపకుండా వదిలేసే పద్ధతి ఇక్కడ నడవదు. రాత్రి చేరిన నీటిని మర్నాటి ఎండలోనే వదిలించుకోవాలి. మేం వేసుకున్న పథకమంతా ఈ ఒక్క మాట మీదే నిలబడింది.

ఏమేం మార్చాం

మొదట పరదాలు. వాటిని తలకిందులు చేశాం. అంతకుముందు పైన కట్టి కిందికి వేలాడదీసేవాళ్లు. కొంచెం ఎత్తితే చలిగాలి సరిగ్గా కోళ్ల ఒంటికే తగిలేది, అందుకే ఎత్తడం మానేశారు. ఇప్పుడు టార్పాలిన్ అడుగు అంచును పొట్టిగోడకు బిగించి, పై అంచుకు వెదురు బొంగు కట్టి, తాడుతో పైకి లాగేలా చేశాం. ఎంత చలి రాత్రయినా పైన అడుగు మేర ఖాళీ ఉంటుంది. కోళ్లకు నేరుగా గాలి తగలదు, వెచ్చటి ఆవిరి పైనుంచి పోతుంది. షెడ్డు తూర్పు పడమరలుగా పొడుగ్గా ఉండటం అదృష్టం. ఎండ ఎక్కగానే దక్షిణం పరదా పూర్తిగా దించేస్తే శీతాకాలపు వాలు ఎండ ఊక మీద పడుతుంది. ఉత్తరం వైపు పగలు కూడా సగం మూసే ఉంచుతున్నారు.

రేకుల మీద చోడి గడ్డి, ఎండు రెల్లు కప్పి పైన పాత వలతో బిగించారు. రేకు చల్లబడటం తగ్గాక అడుగున బొట్లు పట్టడం చాలావరకు ఆగింది. లోపల వెదురు తడికతో సీలింగ్ వేస్తే ఇంకా బాగుంటుందని పెద్దాయన ఆలోచన. రేకుకూ తడికకూ మధ్య ఎలుకలు కాపురం పెడతాయని వద్దన్నాను. ఎలుక ఉన్న చోటికి పాము వస్తుంది, ఆ ఇంట్లో చిన్నపిల్లలున్నారు.

అందరికంటే ఎక్కువ అభ్యంతరం ఊక విషయంలో వచ్చింది. వారం వారం తోడి పారేయడం ఆపమన్నాను. ఇంటి పెద్దావిడకు అది అస్సలు మింగుడుపడలేదు. "పెంట మీద పెంట వేసి కోళ్లను పడుకోబెట్టమంటావా బాబూ? మా ఇంటా వంటా లేదు" అన్నారు. ఆమెను తప్పుపట్టలేను. రోజూ కళ్లాపి చల్లే ఇంటి మనిషికి శుభ్రం అంటే ఊడ్చి కడగడమే. "అమ్మా, కడిగిన సిమెంటు ఎండటానికి ఈ చలిలో ఎన్నాళ్లు పడుతుందో మీరే చూశారు కదా. ఆ తడి మీద రెండంగుళాల ఊక వేస్తే అది ఒక్క రాత్రి నీటిని కూడా పీల్చుకోలేదు" అని చెప్పాను. మందపాటి ఊక పగలంతా ఎండి, రాత్రి చేరే తడిని తనలో దాచుకుని, మర్నాడు మళ్లీ వదిలేస్తుంది. నాలుగైదు వారాలు తోడి పారేయకుండా ఉంటే రెట్టను నెమ్మదిగా కుళ్లబెట్టే సూక్ష్మజీవులు అందులో స్థిరపడతాయి. తోడి పారేసిన ప్రతిసారీ మళ్లీ మొదటికొస్తాం. పెద్దావిడ చివరికి ఒప్పుకున్నది నా మాట విని కాదు. సగం షెడ్డు నా పద్ధతిలో, సగం తన పద్ధతిలో పెట్టి, కొద్దిరోజులయ్యాక రెండు చోట్లా తెల్లవారుజామున తానే గుప్పెట పట్టి చూసుకున్నారు.

గడ్డకట్టిన తడి పెళ్లలు మాత్రం రోజూ తీసేయాలి. ఆ ఖాళీలో పొడి ఊక వేయాలి. పదింటి నుంచి మూడింటి లోపు పారతో లిట్టర్ తిరగేయాలి. ఉదయం మంచులో తిరగేస్తే అమ్మోనియా ఒక్కసారిగా లేవడం తప్ప లాభం లేదు. తిరగేసే పని సగం కోళ్లతోనే చేయించవచ్చు. మధ్యాహ్నం గుప్పెడు చోళ్లు, జొన్నలు ఊకలో చల్లితే అవే కెలికి కెలికి ఊకను విడదీస్తాయి. వట్టి ఊకలో సిలికా ఎక్కువ, తొందరగా నీరు పట్టదు, కుళ్లదు. అందుకే దగ్గరలోని కోత మిల్లు నుంచి ఎండిన రంపపు పొట్టు తెచ్చి మూడో వంతు కలిపించాను. రసాయనాలు పట్టించిన కలప పొట్టు కాకుండా చూసుకోవాలి. సాలూరు వైపు రైస్ మిల్లుల నుంచి లారీలో వచ్చే ఊక రాత్రి ఘాట్ ఎక్కేసరికి పైన చెమ్మగిల్లి ఉంటుంది. దించగానే షెడ్డులో వేయకుండా, ఒకరోజు కళ్లంలో ఎండబోసి బస్తాలకెత్తాలి. బూజు వాసన వచ్చే ఊకను దగ్గరికి కూడా రానివ్వకూడదు.

సున్నం ఆపించాను. ఖాళీ షెడ్డు శుభ్రం చేసేటప్పుడు సున్నం మంచిదే. కోళ్లున్న తడి లిట్టర్‌లో వేస్తే క్షార గుణం పెరిగి, లోపల ఉన్న అమ్మోనియా మరింతగా గాలిలోకి లేస్తుంది. పొయ్యి బూడిదదీ అదే సంగతి. మన ఇళ్లలో బూడిద చల్లడం బాగా అలవాటు కాబట్టి దాన్ని పూర్తిగా మానమనలేదు. ఒక మూల చెక్కపెట్టెలో బూడిద, ఇసుక కలిపి పెడితే కోళ్లు అందులో పొర్లాడి పేలు వదిలించుకుంటాయి. వాసన ఎక్కువున్న రెండు మూడు చోట్ల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ ఎరువు పొడిని చదరపు మీటరుకు సుమారు 100 గ్రాముల చొప్పున లిట్టర్ అడుగుకు కలిసేలా వేయించాను. పైన కనిపించేలా వదిలితే కోళ్లు ఏరుకు తింటాయి. ఇది అమ్మోనియాను కొంత పట్టి ఉంచుతుంది, తర్వాత ఎరువుకు భాస్వరం కూడా కలుస్తుంది.

నా దృష్టిలో అన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చిన మార్పు పడక. డిసెంబరు రాత్రి మా వైపు దాదాపు 13 గంటలు. ఆ సేపంతా కోళ్లు ఒకేచోట ఉంటాయి కాబట్టి రోజు మొత్తం రెట్టల్లో సగం దగ్గర దగ్గర అక్కడే పడుతుంది. ఇంతకుముందు అవి ఉత్తరం గోడ పక్కన నేల మీదే గుమిగూడి పడుకునేవి, ఉదయానికి అక్కడ ముద్దలా ఉండేది. ఆ గోడ వెంట మోకాలెత్తున వెదురు బొంగులతో మంచె కట్టించాం. కోడికి 20 సెంటీమీటర్ల చొప్పున చోటు, బొంగుకూ బొంగుకూ మధ్య జానెడు ఎడం. కింద చుట్టూ జాలీ కొట్టి కోళ్లు దూరకుండా చేశాం. అడుగున పరిచిన పాత టార్పాలిన్ మీద పలచగా ఊక. తెల్లారాక వెనక తలుపు నుంచి ఆ రెట్టను గీకి తట్టలకెత్తి నేరుగా ఎరువు గుంటకు పంపేస్తారు. లిట్టర్ మోయాల్సిన నీటిలో దాదాపు సగం ఆ ఒక్క పనితో షెడ్డు దాటిపోతుంది. వెదురు, మేకులు, వల అన్నీ కుందులి సంతలో దొరికాయి, కట్టింది పక్క ఊరి పనివాళ్లే.

నీళ్ల గిన్నెలను వెదురు తట్టీ మీదికి ఎత్తి, అంచు కోడి వీపు ఎత్తులో ఉండేలా సర్దాం. ఉదయం మొదటి నీళ్లు గోరువెచ్చగా పోస్తున్నారు.

తర్వాత

వారం తిరక్కముందే తెల్లవారుజామున కళ్లు మండటం తగ్గింది. కళ్లు మూసుకున్న పెట్టల్లో ఎక్కువ భాగం కోలుకున్నాయి. కంటి పొర బాగా దెబ్బతిన్న కొన్నిటికి చూపు తిరిగి రాలేదు, వాటిని వేరు చేయాల్సి వచ్చింది. గురక మెల్లగా, చాలా మెల్లగా తగ్గింది. గుడ్లు శుభ్రంగా రావడం అన్నిటికంటే ముందు కనిపించిన మార్పు, దుకాణాల వాళ్లు మళ్లీ తీసుకున్నారు.

గుడ్ల సంఖ్య కూడా పెరిగింది. కానీ దాన్ని పూర్తిగా లిట్టర్ ఖాతాలో వేయను. అదే సమయంలో తెల్లవారుజామున బల్బు వెలిగించి, పగటి వెలుగుతో కలిపి 16 గంటల వెలుతురు వచ్చేలా చేశాం. లేయర్ పెట్టకు వెలుతురు ఎంత ముఖ్యమో తెలిసిందే. బల్బు సాయంత్రం కాకుండా ఉదయమే పెట్టమన్నది కూడా ఆలోచించే. చీకటి పడుతుండగా కోళ్లు వాటంతట అవే మంచె ఎక్కుతాయి. సాయంత్రం బల్బు పెట్టి ఒక్కసారిగా ఆర్పేస్తే ఎక్కడివక్కడ నేల మీదే ఉండిపోతాయి.

అన్నీ సవ్యంగా జరగలేదు. ఈశాన్య మూలలో నీళ్ల ట్యాంకు పైపు సన్నగా కారుతూనే ఉంది, ఆ మూల ఊక చలికాలమంతా గుప్పెట పరీక్షలో తప్పుతూనే వచ్చింది. పైకప్పు గడ్డిని ఏటా మార్చక తప్పదు. మంచె కింద రెట్ట గీకే పని ఎవరికీ ఇష్టం లేదు. ముక్కుకు గట్టిగా గుడ్డ కట్టుకోకుండా ఆ పని చేయనివ్వొద్దని కోడలికి మరీ మరీ చెప్పాను. ఆ దుమ్ము కోళ్లకు ఎంత చెడ్డదో మనుషులకూ అంతే చెడ్డది.

ఎరువు గుంట విషయంలో ఈ కుటుంబానికి నా సలహా పెద్దగా అవసరం పడలేదు, అల్లం రైతులు కదా. మంచె కింది నుంచి వచ్చే పచ్చి రెట్టలో నత్రజని మరీ ఎక్కువ, ఊక తక్కువ. అలాగే పోగేస్తే కంపు, ఈగలు. అందుకని తట్టెడు రెట్టకు రెండు మూడు తట్టల ఎండాకు, చోడి గడ్డి కలిపి పొరలు పొరలుగా వేస్తున్నారు. పిండితే చుక్క రాలకుండా, పట్టుకుంటే చల్లగా తగిలేంత తడి ఉంచుతారు. మంచు, వాన తగలకుండా పైన టార్పాలిన్. కుప్ప లోపల 55 డిగ్రీలు దాటి కొన్నిరోజులు నిలిస్తే సాల్మొనెల్లా లాంటి క్రిములు చస్తాయి. అంచుల్లో ఉన్నది మధ్యలోకి వచ్చేలా రెండు మూడుసార్లు తిరగేయాలి. చలి వల్ల కుప్ప వేడెక్కడం లేదని మొదట అనుకున్నారు. చిన్న చిన్న కుప్పలుగా పెట్టడం వల్ల అలా జరిగింది. అన్నీ కలిపి నడుమెత్తు పోగు చేశాక ఉదయం పార దింపితే ఆవిరి లేచింది. షెడ్డులోని మందపాటి లిట్టర్‌ను మార్చి మొదట్లో, ఎండలు ముదిరాక, ఒక్కసారే తోడి ఈ కుప్పకు కలిపారు. అలా మాగిన లిట్టర్ ఎరువులో నత్రజని 3 శాతం, భాస్వరం, పొటాష్ చెరో 2 శాతం దాకా ఉంటాయి. ఏప్రిల్, మే నెలల్లో అల్లం పెట్టే వేళకు చేతికందింది. పచ్చి రెట్ట నేరుగా వేస్తే విత్తనపు దుంప మాడిపోతుంది కాబట్టి ఆ రెండు నెలల మాగుడును వాళ్లు ఒక్కరోజు కూడా తగ్గించలేదు.

ఆ తర్వాతి శీతాకాలానికి వాళ్లు అక్టోబరులోనే సిద్ధమయ్యారు. వానలు వెనక్కి తగ్గి ఎండ కాసే ఆ కొద్దిరోజుల్లో ఖాళీ షెడ్డుకు సున్నం కొట్టి, బాగా ఎండాక, పది సెంటీమీటర్ల పొడి లిట్టర్ పరిచారు. కొత్త లిట్టర్ స్థిరపడటానికి వెచ్చటి వారాలు కొన్ని దొరికాయి. నవంబరు చివరికల్లా పొట్టు రంగు మారి, పట్టుకుంటే మట్టి వాసన వచ్చింది. ట్యాంకు పైపు మార్చారు. ఉత్తరం పరదా తాళ్లు కొత్తవి వేశారు.

ఎదిగే పిల్లల గది మాత్రం ఇంకా తేలలేదు. పెద్దవాటికి సరిపోయే చలి చిన్నవాటికి సరిపోదు. మొదటి వారం బ్రూడర్ (పిల్లలకు వెచ్చదనమిచ్చే గొడుగు) కింద 35 డిగ్రీలు కావాలి, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావాలి. ఆ వెచ్చదనంలో నీళ్లు ఒలికితే కాక్సిడియాకు అంతకంటే అనువైన చోటు ఉండదు. వాటిని పెద్ద కోళ్ల షెడ్డులోంచి పూర్తిగా తీసి, వంటింటి వెనక ఎండ తగిలే గదిలో పెట్టమన్నాను. కొత్త పిల్లల్ని జనవరిలో కాకుండా ఫిబ్రవరి చివర్లో దించుకోమన్నాను. గది కడుతున్నారు. తలుపుకు పైన గాలి పోయే కిటికీ వదిలారో లేదో చూడటానికి వచ్చే వారం వెళ్తున్నాను.